పంజరపు పిట్టతో ప్రయాణము

మన బజారులలో ‘లవ్ బర్డ్స్’ అను పేర అమ్మబడు పచ్చని, నీలవర్ణపు చిన్న పిట్టలు నేడు అనేక గృహములలో పెరుగుచున్నవి. నిజమునకివి బడ్జెరిగార్లు. వీని పుట్టినిల్లు ఆస్ట్రేలియా. 1840లో జాన్ గూల్డు అను పక్షిశాస్త్రజ్ఞుడు వీనిని సజీవముగా ఇంగ్లాండునకు గొనిపోయెను. మన రామచిలుకను పంజరమున నుంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. ఈ పరదేశపు పిట్టల సంగతి వేరు.

మావంటి ఉపాధ్యాయుల కుటుంబములకు బదిలీలు తప్పవు. సామాను సర్దుకొను తొందరలో పిట్టను పట్టు పని పిల్లలకు అప్పగింతుము. అపాయమంతయు నచ్చటనే యున్నది. మనకు రొమ్మునకును పొట్టకును నడుమ ఊపిరికి తోడ్పడు పొర యొకటి కలదు, పక్షికది లేదు. రొమ్మెముక కదలిననే దానికి గాలియాడును. 30, 40 గ్రాముల తూకముగల ఆ ప్రాణిని, ఎగిరిపోవునను భయముచే పిడికిట బిగించినచో, ముక్కు తెరచియున్నను ఊపిరాడక మరణించును.

కావున ముందుగా పంకా ఆపి, తలుపులు, కిటికీలు మూసి, వెలుతురు తగ్గింపవలెను. మసకచీకటిలో పిట్ట శాంతించును. మెత్తని గుడ్డతో వీపువైపునుండి పట్టి, చూపుడువ్రేలికిని నడిమివ్రేలికిని నడుమ తల నిలిపి, రొమ్మును మాత్రము నొక్కక విడువవలెను. తోకను గాని, ఒంటిరెక్కను గాని పట్టి లాగరాదు.

ప్రయాణమునకు చిన్న పంజరము మేలు. ఉయ్యెలలు, గంటలు, నీటిగిన్నె తీసివేసి, దోసకాయ ముక్క యొకటి యుంచిన దాహము తీరును. మూడువైపుల పలుచని నూలుగుడ్డ కప్పి, ఒకవైపు గాలికి విడువవలెను. ఎండలో నిలిపిన కారులో క్షణమైనను ఉంచరాదు. ముక్కు తెరచి రొప్పుచు, రెక్కలు ఒడలికి ఎడముగా పట్టినచో వేడి సోకినదని గ్రహించి, వెంటనే నీడకు చేర్చి నీరు చూపవలెను.

క్రొత్త యింట పంజరమును వంటయింట దింపకుడు. నాన్‌స్టిక్ పెనము మితిమీరి కాగినపుడు వచ్చు ఆవిరి మనము గుర్తింపకమునుపే పిట్ట ప్రాణము తీయును. జనసంచారము తక్కువైన గదిలో గోడప్రక్క నుంచి, మొదటి దినమున చేతబట్టక, గింజలు, నీరు పెట్టి ఊరకుండుడు. పంజరము ముట్టినపిదప పిల్లలచే సబ్బుతో చేతులు కడిగింపుడు.

ప్రేమతో పట్టినను బిగించిన చేయి ప్రాణాంతకమేయని పిల్లలకు ముందుగా బోధించుట తల్లుల విధి.