కంటి ఎంఆర్ఐకి వెళ్తున్నారా? కళ్లు మూసుకుంటే సరిపోదు.. రెప్ప కింద కనుగుడ్డు కదిలినా స్కాన్ పాడే!

చిలకలూరిపేట: చూపు మసకబారిందనో, కన్ను ముందుకు ఉబ్బిందనో డాక్టర్ దగ్గరకు వెళ్తే ఒక్కోసారి 'ఎంఆర్ఐ ఆర్బిట్' రాసిస్తారు. ఆర్బిట్ అంటే కనుగుడ్డు కూర్చునే ఎముకల గూడు. పెద్ద స్కాన్లకు పేట వాళ్లు గుంటూరో, నరసరావుపేటో వెళ్లడం మామూలే. తీరా అంత దూరం వెళ్లాక 'పేషెంట్ కదిలారు, మళ్లీ తీయాలి' అంటే? 'నేను కదల్లేదు కదా' అని పేషెంట్ అంటారు. ఇద్దరి మాటా నిజమే. తల కదల్లేదు.. కన్ను కదిలింది.

అసలేం జరుగుతుంది?

ఎంఆర్ఐ సెల్‌ఫోన్ ఫొటోలా ఒక్క క్లిక్‌తో రాదు. డేటాను వరుస వరుసగా, నిమిషాల పాటు సేకరించి చివర్లో బొమ్మగా మారుస్తారు. ఒక్కో విడత, అంటే సీక్వెన్స్, సాధారణంగా రెండు నుంచి ఐదు నిమిషాలు. ఆలోగా కన్ను అటూ ఇటూ తిరిగితే బొమ్మ మసకబారడమే కాదు, కంటి నీడలు ఒక దిశలో మళ్లీ మళ్లీ పడతాయి. వీటినే 'ఘోస్ట్' అంటారు. కనుగుడ్డు అడ్డంగా దాదాపు 24 మిల్లీమీటర్లు ఉంటే, దాని వెనకున్న చూపు నరం మందం మూడు నాలుగు మిల్లీమీటర్లే. ఆ నీడ సరిగ్గా నరం మీద పడిందంటే వాపు ఉందో లేదో తేల్చడం కష్టం.

ఇది చిన్న విషయమేం కాదు. 2021లో బ్లాక్ ఫంగస్ రోజులు గుర్తున్నాయిగా? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పట్లో ఆ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. సైనస్‌లలో మొదలైన ఫంగస్ కంటి గూటిలోకి, అక్కడి నుంచి మెదడు వైపు పాకేది. ఎంత వరకు పాకిందో చూడటానికి, కన్ను ఉంచాలా తీసేయాలా అని ఆలోచించడానికి డాక్టర్లు ఎంఆర్ఐ మీద బాగా ఆధారపడ్డారు. అలాంటప్పుడు మసక బొమ్మ చేతికొస్తే ఏం చేస్తారు?

మరి పేషెంట్ ఏం చేయాలి?

కళ్లు మూసుకున్నా లోపల కనుగుడ్డు తిరుగుతూనే ఉంటుంది. మెషిన్ టకటకమన్నప్పుడల్లా చూపు అటు పోతుంది. అందుకే రెప్పలు మూసి, ఎదురుగా ఒకే చుక్కను చూస్తున్నట్టు ఊహించుకోమంటారు. కొన్ని చోట్ల కళ్లు తెరిచి గుర్తును చూడమంటారు. టెక్నీషియన్ ఏది చెబితే అదే. శబ్దం ఆగిన విరామంలో రెప్ప కొట్టొచ్చు, గుటక వేయొచ్చు.

మిర్చి సీజన్‌లో ఇంకో తంటా. కల్లాల్లో, కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసి ఘాటుకు కళ్లు మండుతున్నవాళ్లు, దగ్గు ఆగనివాళ్లు ముందే చెప్పడం మంచిది. కాటుక, ఐలైనర్, మస్కారా పూర్తిగా తుడిచేయాలి. కొన్నింటిలో ఉండే ఐరన్ ఆక్సైడ్ బొమ్మను వంకర చేస్తుంది. కాంటాక్ట్ లెన్సులూ తీసేయాలి. వెల్డింగ్, గ్రైండింగ్ పనిలో ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడి ఉంటే తప్పకుండా చెప్పాలి. ఇది బొమ్మ గొడవ కాదు, అయస్కాంతం లాగితే చూపుకే ప్రమాదం.

టెక్నీషియన్ చేతిలోనూ కొంత ఉంది. తల పక్కన స్పాంజి దిండ్లు పెడతారు. నీడలు ముందు నుంచి వెనక్కి పడకుండా పక్కకు పడేలా దిశ మారుస్తారు, అప్పుడు నరం బతికిపోతుంది. వరుసల బదులు గుండ్రంగా తిరుగుతూ డేటా తీసే ప్రొపెల్లర్, బ్లేడ్ లాంటి పద్ధతులు కొత్త మెషిన్లలో ఉన్నాయి. కంటి లోపలి కణితుల స్కాన్లకు నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో మూసిన రెప్ప మీద తడి గాజ్ గుడ్డ పెట్టే పద్ధతి వాడారు. ఖర్చు లేని ఉపాయం! పసిపిల్లలకైతే పాలు పట్టి, గుడ్డలో చుట్టి నిద్రపుచ్చి చూస్తారు, కుదరకపోతేనే మత్తు.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది చివరి విడతలో. కాంట్రాస్ట్ ఇంజక్షన్ ఇచ్చాక తీసే బొమ్మలు చాలాసార్లు కీలకం. అప్పటికే పేషెంట్ అలసిపోయి, ఎప్పుడు లేద్దామా అని చూస్తుంటారు. ఆ విడత పాడైతే మరోరోజు వచ్చి మళ్లీ ఇంజక్షన్ చేయించుకోవాల్సి రావొచ్చు. మధ్యలో దగ్గొచ్చినా, కన్ను తిరిగినా శబ్దం ఆగగానే చెప్పేయండి. చాలావరకు ఆ ఒక్క విడత మళ్లీ తీస్తే సరిపోతుంది. టేబుల్ దిగే ముందే 'బొమ్మలు క్లియర్‌గా వచ్చాయా' అని అడిగి, ఆ తర్వాతే పేట బస్సెక్కండి.