అల్యూమినియం పడవ - మన సైన్సు పాఠం

నీటిని నమ్ముకుని బతికే కుటుంబాల పిల్లలు మన హాస్టల్లో ఏటా ఉంటూనే ఉన్నారు. మన వైపు సముద్రంలో తెప్పలు, ఫైబర్ బోట్లు, జలాశయాల్లో పుట్టీలు, నాటు పడవలు ఎక్కువ. అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో చేపల వేటకు చిన్న అల్యూమినియం పడవలు కూడా బాగా వాడతారు. విమానాలు తయారుచేసే గ్రమ్మన్ అనే అమెరికా కంపెనీ 1945లో అల్యూమినియం కనూల తయారీ మొదలుపెట్టింది. అక్కడివారు ఖాళీ పడవ కొనుక్కుని తమ అవసరాన్ని బట్టి నేల పలకలు, పెట్టెలు, మోటారు, లైట్లు అమర్చుకుంటారు. ఆ పనిలో మన హైస్కూలు సైన్సు ఎంత దాగి ఉందో మిత్రులకు వివరించాలని మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

ఎంత బరువు మోస్తుంది?

పడవ ఎంత నీటిని పక్కకు నెడితే అంత బరువు మోస్తుందని ఆర్కిమెడిస్ సూత్రం చెబుతోంది. ఒక లీటరు నీటిని నెడితే ఒక కిలో. చిన్న పడవలకు అమెరికాలో ఒక సులువైన లెక్క ఉంది. పొడవును వెడల్పుతో (అడుగుల్లో) గుణించి 15తో భాగిస్తే ఎక్కదగిన మనుషుల సంఖ్య వస్తుంది. 14 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉంటే 70ని 15తో భాగించాలి. అంటే నలుగురు. ఇది గాలివాన లేని రోజు లెక్క. వల, ఐసు, పట్టిన చేపలు కూడా బరువేనని మరువకూడదు.

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒక్కటే ఇరవై కిలోల దాకా ఉంటుంది. తడిస్తే ఇంకా పెరుగుతుంది. పెద్ద బ్యాటరీ పాతిక కిలోల పైమాటే. అందుకే ఏదైనా బిగించే ముందు తూకం రాసుకోవాలి. బరువైనవి అడుగున, మధ్యకు దగ్గరగా ఉంచాలి. నేల పలకను ఎత్తు పెంచి వేస్తే మనిషి నిలబడేచోటు పైకి పోతుంది, దానితో గురుత్వ కేంద్రమూ పైకి పోతుంది. అప్పుడు ఒకవైపు ఒరిగితే పడవ తిరగబడే ప్రమాదం ఎక్కువ.

అడ్డు బల్లలు ఊరికే పెట్టలేదు

చోటు కోసం చాలామంది మధ్య బల్లను కోసేస్తారు. అది రెండు పక్కలనూ పట్టి ఉంచే దూలం లాంటిది. పైగా చాలా పడవల్లో దాని లోపల ఫోమ్ నింపి ఉంటుంది. అల్యూమినియం నీటికన్నా 2.7 రెట్లు బరువు కనుక 80 కిలోల పడవ నీటితో నిండితే సుమారు 50 కిలోల బరువుతో కిందికి లాగుతుంది. మోటారు బరువు దానికి అదనం. ఒక ఘనపుటడుగు ఫోమ్ సుమారు 27 కిలోలను తేల్చి ఉంచుతుంది. నాలుగు ఘనపుటడుగులు తీసేస్తే వంద కిలోలకు పైగా ఆసరా పోయినట్లే. మునిగిన వేళ మనిషి పట్టుకునేది ఆ పడవనే గదా! బల్ల తీయక తప్పకపోతే పక్కలకు బలం ఇచ్చి, తీసినంత ఫోమ్ మరోచోట నింపాలి. మామూలు థర్మోకోల్ మాత్రం పెట్రోలు తగిలితే కరిగిపోతుంది.

లోహానికి లోహం శత్రువు

అల్యూమినియంపై సహజంగా ఏర్పడే ఆక్సైడ్ పొర దానికి కవచం. కాని రాగి, ఇత్తడి మరలు బిగించి ఉప్పునీటిలో దింపితే అక్కడ చిన్న విద్యుత్ ఘటం తయారవుతుంది. అందులో తినివేతకు గురయ్యేది అల్యూమినియమే. రాగి లవణాలు పట్టించిన చెక్క, రాగి కలిసిన రంగు కూడా పనికిరావు. స్టెయిన్‌లెస్ స్టీలు మర వాడినా నైలాన్ వాషరు వేయాలి. ఉప్పునీటి పడవలకు జింకు ముక్క బిగించేది ఇందుకే. అల్యూమినియం బదులు అది కరిగి పడవను కాపాడుతుంది. లైట్ల వైరింగుకు పడవ ఒంటినే ఎర్తుగా వాడకుండా రెండు వైర్లూ వేయాలి. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి.

కారుతున్నదీ లేనిదీ తెలియాలంటే పడవను దిమ్మెలపై నిలిపి, లోపల కొద్దిగా నీళ్లు పోసి, బయట ఎక్కడ చెమర్చిందో సుద్దతో గుర్తు పెట్టాలి. అల్యూమినియంకు ఆర్గాన్ గ్యాసుతో చేసే వెల్డింగు మంచిది. ఐటిఐలో వెల్డింగు నేర్చిన మన పూర్వ విద్యార్థులకు ఈ సంగతి బాగా తెలుసు.

మిత్రులారా! తెప్పయినా, ఫైబర్ బోటయినా, పుట్టి అయినా బరువు, సమతూకం, తేలే గుణం లెక్క ఒక్కటే. వేటకు వెళ్లేది మన నాన్నలు, అన్నలు, మామలు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు వారి పడవ తూకం మనమే లెక్క కట్టి చెబుదాం. ఎన్ని హంగులు అమర్చుకున్నా మొదట కొనవలసింది మనిషికొక లైఫ్ జాకెట్. దాన్ని పడవలో పడేసి ఉంచకుండా ఒంటికి తొడుక్కునేలా చూద్దాం. పరీక్షలో ఆర్కిమెడిస్ సూత్రానికి వచ్చే మార్కులకన్నా, దాన్ని అర్థం చేసుకుని ఒక ప్రాణం నిలబెట్టడం గొప్ప విషయం.