రసీదు చెప్పే సాక్ష్యం

బరంపురంలో పట్టుచీరలు అమ్ముకొని జీవించే ఒక ఇల్లాలు ఉన్నదనుకొందాం. పూర్వం ఊరివాళ్లే ఇంటికి వచ్చి ఆమె దగ్గర చీరలు కొనేవారు. ఇప్పుడు ఆమె కూతురు చీరలకు ఫోనులో ఫోటోలు తీసి ఇంటర్‌నెట్‌లో పెడుతున్నది. పూణేలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం వారు ఒక చీర నచ్చి సొమ్ము పంపారు. ఆ ఇల్లాలు చీరను జాగ్రత్తగా కట్టి తపాలాలో పంపింది. వారం తరువాత పూణే నుండి ఫోను వచ్చింది. "అమ్మా, చీర ఇంకా అందలేదు. మా డబ్బు మాకు తిరిగి పంపండి" అన్నారు.

"నేను పంపాను" అని ఈమె అంటుంది. "మాకు అందలేదు" అని వారంటారు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. చీర పోతే ఈమెకు వారాల రాబడి పోతుంది. డబ్బు తిరిగి ఇవ్వకపోతే మాట పోతుంది. ఇలాంటప్పుడు తగవు తీర్చగలిగేది తపాలా కార్యాలయంలో ఇచ్చే చిన్న రసీదు ముక్క ఒక్కటే.

వీధి చివర ఎర్ర డబ్బాలో ఉత్తరం వేస్తే అది వేసినట్లు ఏ రుజువూ ఉండదు. ఈ లోటు తీర్చడానికి చాలాకాలం ఒక పద్ధతి ఉండేది. ఉత్తరం ఎవరికి పంపుతున్నారో ఒక కాగితం మీద రాసి, కొద్దిపాటి రుసుము చెల్లిస్తే, తపాలా ఉద్యోగి ఆ కాగితంపై తేదీ ముద్ర వేసి ఇచ్చేవాడు. దానిని 'సర్టిఫికేట్ ఆఫ్ పోస్టింగ్' అనేవారు. ఉత్తరాన్ని తపాలాకు అప్పగించినట్లు మాత్రమే అది తెలిపేది. ఆ తరువాత ఉత్తరం ఏ దారిన పోయిందో, ఎవరికి చేరిందో చెప్పలేకపోయేది. తపాలా శాఖ ఈ పద్ధతిని 2011లో నిలిపివేసింది.

అప్పగించిన రుజువు వేరు, అందిన రుజువు వేరు. మొదటిది పంపినవారి చేతిలో ఉంటుంది. రెండవది అందుకొన్నవారి సంతకం వల్ల ఏర్పడుతుంది. అమ్మకం సాగించేవారికి ఈ రెండూ కావాలి. రిజిస్టరు తపాలా ఎన్నో ఏళ్లు ఈ రెండు రుజువులనూ సమకూర్చింది. 1986లో స్పీడ్ పోస్టు మొదలైంది. 2025 సెప్టెంబరు 1 నుండి దేశంలోపల పంపే రిజిస్టరు తపాలాను స్పీడ్ పోస్టులో కలిపివేశారు. ఇప్పుడు స్పీడ్ పోస్టులో పంపేవారు రిజిస్ట్రేషన్ సదుపాయాన్ని అదనపు రుసుముతో కోరవచ్చు.

తపాలా రుజువుకు చట్టంలోనూ విలువ ఉన్నది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షను ప్రకారం, చట్టరీత్యా తపాలాలో పంపవలసిన పత్రాన్ని సరైన చిరునామా రాసి, తపాలా ఖర్చు ముందే చెల్లించి, రిజిస్టరు చేసి పంపితే, అది మామూలుగా చేరవలసిన వేళకు చేరినట్లే భావిస్తారు. చేరలేదనేవారు ఆ సంగతిని రుజువు చేయాలి.

ఇక రసీదును పరిశీలిద్దాం. దానిపై పంపిన కార్యాలయం, తేదీ, వేళ, పార్శిలు బరువు, చెల్లించిన సొమ్ము, చేరవలసిన చోటి పిన్‌కోడ్, ఒక సంఖ్య ఉంటాయి. ఇవన్నీ సాక్షులే. బరువునే చూడండి. పంపేటప్పుడు 700 గ్రాములు తూగిన పార్శిలు చేరేటప్పుడు 200 గ్రాములే తూగితే, దారిలో ఏదో జరిగిందని తెలిసిపోతుంది.

పిన్‌కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది. ఇందులో ఆరు అంకెలు ఉంటాయి. మొదటి అంకె దేశంలోని ప్రాంతాన్ని తెలుపుతుంది. మహారాష్ట్రకు 4, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు 5, తమిళనాడుకు 6, ఒడిశాకు 7 వస్తాయి. యానాం పరిపాలనలో పుదుచ్చేరికి చెందినదైనా, గోదావరి తీరాన ఆంధ్ర ప్రాంతం మధ్య ఉండడంచేత దాని పిన్‌కోడ్ 533464 అయింది. ఒక్క అంకె తప్పు రాస్తే పార్శిలు వేరే దారి పట్టిపోవచ్చు. అందుకే రసీదు చేతికి రాగానే పిన్‌కోడ్ సరిచూసుకోవాలి.

సంఖ్యలో మొదట రెండు ఇంగ్లీషు అక్షరాలు, తరువాత తొమ్మిది అంకెలు, చివర మన దేశాన్ని సూచించే 'ఐఎన్' అక్షరాలు ఉంటాయి. ఇది 1874లో ఏర్పడిన విశ్వ తపాలా సమాఖ్య నిర్ణయించిన పద్ధతి. తొమ్మిదవ అంకె మిగిలిన ఎనిమిదింటికి కాపలాదారు. ఎనిమిది అంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి, వచ్చిన ఫలితాలను కూడాలి. ఆ మొత్తాన్ని 11తో భాగించి, శేషాన్ని 11 నుండి తీసివేయాలి. 12345678 తీసుకొంటే మొత్తం 204 వస్తుంది, శేషం 6, తొమ్మిదవ అంకె 5 అవుతుంది. తీసివేతలో 10 వస్తే 0, 11 వస్తే 5 వేస్తారు. సంఖ్య రాసేటప్పుడు ఒక అంకె తారుమారైతే సాధారణంగా ఈ లెక్క కుదరదు, పొరపాటు బయటపడుతుంది.

అయితే రసీదు అన్నీ చెప్పదు. లోపల పట్టుచీరే ఉన్నదా, పాత గుడ్డ ఉన్నదా అన్నది దానికి తెలియదు. అందుకే కట్టేముందు వస్తువును, కట్టిన తరువాత చిరునామా కనబడేలా పార్శిలును ఫోటో తీసి ఉంచుకోవడం మేలు. విలువైన వస్తువుకు బీమా చేయించాలి. యంత్రం ఇచ్చే రసీదుపై అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోవచ్చు కాబట్టి వెంటనే దానికీ ఫోటో తీయాలి. వస్తువు అందిందని కొన్నవారు చెప్పేదాకా రసీదును పారవేయకూడదు.

బరంపురం ఇల్లాలు రసీదును పెట్టెలో దాచింది. కూతురు దానిలోని సంఖ్యను తపాలా శాఖ వారి వెబ్‌సైటులో కొట్టి చూసింది. పార్శిలు పూణే చేరింది. ఇంటికి తాళం వేసి ఉండడంతో పోస్టుమ్యాన్ దానిని తిరిగి కార్యాలయానికి తీసుకువెళ్లాడు. ఆ సంగతి తెలియగానే పూణే వారు వెళ్లి చీర తెచ్చుకొన్నారు. మళ్లీ ఫోను చేసి, "ఇంకొక చీర పంపండి" అన్నారు.

ఇద్దరు ముక్కు మొహం ఎరుగనివారి మధ్య బేరం సాగాలంటే నమ్మకం ఉండాలి. ఆ నమ్మకానికి దస్తావేజు వంటిది రసీదు.