ఈ-మౌంటెన్ బైక్ వెనక నుంచి ‘టక్ టక్’: బేరింగ్‌లు మార్చే ముందు ఇది చదవండి

స్టుట్‌గార్ట్‌లో డెగర్‌లోఖ్ అనే కొండ ఏరియా నుంచి కిందికి అడవిలో ఒక డౌన్‌హిల్ ట్రైల్ ఉంది. పేరు వుడ్‌పెకర్. అంటే మన వడ్రంగిపిట్ట. పోయిన సీజన్‌లో ఆ ట్రైల్ మీద పిట్ట సౌండ్ కంటే నా బైక్ సౌండే ఎక్కువ వినిపించింది. సస్పెన్షన్ లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఒక ‘టక్’, బయటికి వచ్చేటప్పుడు ఇంకో చిన్న ‘టిక్’. నా రూమ్మేట్ అయితే, "మామా, ఇది రెండు వేల యూరోల బైకా, ఎడ్లబండా?" అని మొహం మీదే అడిగేశాడు.

బైక్ సంగతి ముందు చెప్పేస్తా. సెకండ్ హ్యాండ్ ఫుల్ సస్పెన్షన్ ఈ-బైక్. అల్యూమినియం ఫ్రేమ్, వెనక 150 మిల్లీమీటర్ల ట్రావెల్, పెడల్స్ మధ్యలో మోటార్, 625 వాట్-అవర్ బ్యాటరీ. మొత్తం బరువు 24 కిలోలు. దగ్గర్లోని షాప్‌లో చూపిస్తే, మెకానిక్ సీటు మీద రెండుసార్లు నొక్కి చూసి, అన్ని బేరింగ్‌లూ మార్చాలి, షాక్ సర్వీస్ కూడా చెయ్యాలి అని 340 యూరోల ఎస్టిమేట్ ఇచ్చాడు. ఏది పాడైందో మాత్రం చెప్పలేదు. కోడ్‌లో బగ్ ఎక్కడుందో తెలీకుండా మొత్తం రీరైట్ చేద్దాం అన్నట్టు అనిపించింది నాకు.

అందుకని నేనే మొదలుపెట్టా. మొదలుపెట్టి అతను చేసిన తప్పే నేనూ చేశాను, అది వేరే సంగతి.

చెవిని నమ్మొద్దు

నా చెవికి ఆ సౌండ్ కచ్చితంగా మోటార్ వెనక ఉన్న మెయిన్ పివట్ నుంచే వస్తున్నట్టు అనిపించింది. వెనక చక్రాన్ని పట్టుకునే త్రికోణం మొత్తం మెయిన్ ఫ్రేమ్‌కి అతుక్కునే పెద్ద కీలు అదే. ఆన్‌లైన్‌లో బేరింగ్ కిట్ తెప్పించా, 89 యూరోలు. క్రాంక్ విప్పి, పాత బేరింగ్‌లు లాగి, కొత్తవి ప్రెస్ చేసేసరికి శనివారం మొత్తం పోయింది. సాయంత్రం బైక్ ఎక్కి కూర్చున్నా. టక్.

ఎందుకిలా అవుతుందంటే, గాలిలో సౌండ్ సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. అల్యూమినియంలో అయితే 5 కిలోమీటర్ల పైనే. ఫ్రేమ్‌లో ఎక్కడ టక్ మన్నా మిల్లీసెకను లోపే అన్ని ట్యూబుల్లోకీ పాకేస్తుంది. పైగా ఈ-బైక్ డౌన్ ట్యూబ్ బ్యాటరీ కోసం డబ్బాలా లావుగా ఉంటుంది కాబట్టి డప్పులా మోగుతుంది. షాక్ దగ్గర పుట్టిన సౌండ్ మోటార్ దగ్గర వినిపిస్తుంది, సీట్ పోస్ట్‌లో పుట్టింది చక్రం దగ్గర వినిపిస్తుంది. మన చెవి చెప్పేది పుట్టిన చోటు కాదు, గట్టిగా మోగే చోటు.

ముందు సస్పెన్షన్ కానివి తీసేయండి

రెండో ఆదివారం బుద్ధి తెచ్చుకుని, ఒక్కోసారి ఒక్కటే మారుస్తూ వెళ్లా. సీటు మీద కూర్చోకుండా పెడల్స్ మీద నిలబడి ఊగా. సౌండ్ ఆగితే సీటు పట్టాలో, సీట్ పోస్టో అని అర్థం. ఆగలేదు. తర్వాత బ్యాటరీ బయటికి తీసి ఊగా. ఇది ఈ-బైక్ ఉన్నవాళ్లు చాలామంది మర్చిపోయే టెస్ట్. దాదాపు మూడున్నర కిలోల బరువు, లాక్ దగ్గర ఒక్క మిల్లీమీటర్ వదులున్నా అచ్చం సస్పెన్షన్ కొట్టుకున్నట్టే వినిపిస్తుంది. నాది బ్యాటరీ కూడా కాదు. వెనక యాక్సిల్ తీసి, తుడిచి, పల్చగా గ్రీజు రాసి మళ్లీ బిగించా. చెయిన్ తీసేసి ఊగా. ఫ్రేమ్ లోపల వెళ్లే కేబుళ్లని బయటికి కనిపించే చోట గట్టిగా పట్టుకుని ఊగా. టక్, టక్, టక్.

తర్వాత టార్క్ రెంచ్. ప్రతి పివట్ బోల్టుకీ ఎన్ని న్యూటన్ మీటర్లు పెట్టాలో ఫ్రేమ్ కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది, చాలాసార్లు బోల్టు తల మీదే రాసి ఉంటుంది. ఎక్కడో చదివిన నంబర్ పెట్టకండి, ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ మారుతుంది. నా రాకర్ లింక్ బోల్టు ఒకటి దాదాపు అర చుట్టు తిరిగింది! షాక్‌ని నొక్కే చిన్న చెయ్యి లాంటి ముక్కని పట్టుకునే బోల్టు అది. అదే స్పీడ్‌లో ట్రైల్ మధ్యలో ఊడొచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం కూడా ఇష్టం లేదు. పూర్తిగా బయటికి తీసి, మరలు శుభ్రం చేసి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ రెండు చుక్కలు వేసి బిగించా. ఆ మరల మీద గ్రీజు ఉంటే థ్రెడ్‌లాకర్ పట్టదు, అందుకే ముందు శుభ్రం చెయ్యడం ముఖ్యం.

దొంగ దొరికాడు అనుకున్నా. సౌండ్ కొంచెం కూడా తగ్గలేదు. కానీ ఈ మొత్తం కథలో నిజంగా ప్రమాదమైనది ఆ బోల్టే, అది ఒక్క చప్పుడు కూడా చెయ్యలేదు.

ఫోన్, మైక్, ఇన్సులేషన్ టేప్

ఇక్కడే మన గాడ్జెట్ల అవసరం పడింది. కార్ మెకానిక్‌లు మైక్‌లని బాడీకి క్లిప్ చేసి సౌండ్ వెతికే పరికరం ఒకటి వాడతారు. దాని పేదవాడి వెర్షన్ నేను తయారు చేశా. వీడియోలకి వాడే వైర్ ఉన్న కాలర్ మైక్ ఒకటి ఉంది నా దగ్గర. దాన్ని మెటల్‌కి ఆనేలా పెట్టి, పైన చిన్న స్పాంజ్ ముక్క వేసి టేప్ చుట్టా. ఫోన్ పక్కన స్టూల్ మీద. ఫోన్‌నే ఫ్రేమ్‌కి కట్టేయొచ్చు కదా అంటారేమో, స్టాండ్‌లో ఊగడానికైతే పర్లేదు గానీ ట్రైల్ మీద వద్దు. మోటార్‌సైకిల్ లాంటి బలమైన వైబ్రేషన్ ఐఫోన్ కెమెరాలోని స్టెబిలైజేషన్‌ని దెబ్బతీయొచ్చని ఆపిలే 2021లో చెప్పింది.

రికార్డింగ్ యాప్‌లో ఆటోమేటిక్ గెయిన్ ఆఫ్ చెయ్యాలి. లేకపోతే చిన్న సౌండ్‌ని ఫోనే పెంచేసి, పెద్దదాన్ని తగ్గించేసి అన్నీ ఒకేలా చూపిస్తుంది. మొదటి రౌండ్ మొత్తం నేను ఇలాగే వేస్ట్ చేసుకున్నా.

మైక్‌ని నాలుగు చోట్ల పెట్టి చూశా: మెయిన్ పివట్, రాకర్ లింక్, షాక్ కింది మౌంట్, వెనక యాక్సిల్ దగ్గర. ప్రతి చోటా రూమ్మేట్‌తో ఇరవై సార్లు ఊగించా. వాడికి బిర్యానీ బాకీ. ఫైళ్లని ఆడాసిటీలో ఒకదాని కింద ఒకటి పేర్చితే తేడా కళ్లకి కనిపించింది. మెయిన్ పివట్ దగ్గర వేవ్ మెత్తగా, వెడల్పుగా ఉంది. షాక్ కింది మౌంట్ దగ్గర సూదిలా పైకి లేచింది, అది కూడా ఇరవైకి ఇరవై సార్లు.

అప్పుడు రూమ్మేట్‌ని సీటు పట్టుకుని కొంచెం పైకి లాగి వదలమని చెప్పి, షాక్ కన్ను, ఫ్రేమ్ కలిసే చోట వేలు అడ్డంగా పెట్టా. వేలికి స్పష్టంగా తెలిసింది, షాక్ కదలకముందే ఆ జాయింట్ చిన్నగా జారుతోంది. ఈ వేలి టెస్ట్‌కి ముప్పై సెకన్లు పడుతుంది, మైక్ అక్కర్లేదు, మెకానిక్‌లు ఎప్పటినుంచో చేస్తున్నదే. మైక్ నాకు ఇచ్చింది వేలు ఎక్కడ పెట్టాలో అన్న అడ్రస్ మాత్రమే.

ఇరవై యూరోల ముక్క

షాక్ రెండు చివర్లా ఉండే కన్నుల్లో చాలా బైకుల్లో బేరింగ్ ఉండదు, బుష్ ఉంటుంది. బయట స్టీల్, మధ్యలో కంచు పొర, లోపల టెఫ్లాన్ లాంటి జారే పూత. ఆ పూత అరిగిపోతే కంచు బయటపడుతుంది, సన్నని సందు ఏర్పడుతుంది, బరువు పడ్డప్పుడల్లా ఆ సందులో లోహం లోహానికి తగులుతుంది. అదే టక్. గ్రీజు పెడితే రెండు రోజులు మూగబోతుంది గానీ సందు పూడదు. ఈ-బైక్‌లో మోటార్, బ్యాటరీ బరువు కూడా వీటి మీదే పడుతుంది కాబట్టి మామూలు మౌంటెన్ బైక్ కంటే త్వరగా అరుగుతాయి.

విప్పేముందు బ్యాటరీ తీసేయండి. షాక్‌లో ఎంత గాలి ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకుని, తర్వాత గాలి వదలండి. షాక్ కింది బోల్టు తీశాక నాది చూస్తే బుష్ లోపల ఒక వైపు బూడిద రంగు పోయి రాగి రంగు మెరుస్తోంది. బోల్టు మీద కూడా గోటికి తగిలే గీత. రెండూ కొత్తవి తెప్పించా, 22 యూరోలు. ఆర్డర్ చేసే ముందు బోల్టు మందం, స్పేసర్‌తో కలిపి మొత్తం వెడల్పు వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి, బుష్ ఒకటే అయినా స్పేసర్ సైజులు బోలెడు. పాత బుష్‌ని సుత్తితో కొట్టొద్దు. సరైన సైజు సాకెట్ ఒకటి, బెంచ్ వైస్ ఒకటి ఉంటే నెమ్మదిగా నొక్కి బయటికి తీయొచ్చు, కొత్తదాన్నీ అలాగే తిన్నగా నొక్కొచ్చు. షాక్ బాడీని మాత్రం విప్పకండి, అది వేరే ఆట.

షాక్ బయట ఉన్నప్పుడే వెనక చక్రం తీసేసి, ఆ త్రికోణాన్ని చేత్తో పైకీ కిందికీ ఆడించండి. వెన్నలా కదలాలి. ఇసుక ఉన్నట్టు గరగరలాడినా, ఒక చోట ఆగి ఆగి కదిలినా అప్పుడు బేరింగ్ మార్చండి. పివట్ బేరింగ్ చక్రంలోలా గిరగిరా తిరగదు, కొన్ని డిగ్రీలే ఊగుతుంది, దాంతో అవే గోళీలు అదే చోట నొక్కి గుంట చేస్తాయి. నేను శనివారం పీకిన పాత బేరింగ్‌లు డ్రాయర్‌లో ఉన్నాయి. తీసి వేలితో తిప్పి చూశా. నున్నగా ఉన్నాయి. 89 యూరోలు.

బిగించి, గాలి పట్టి, ట్రైల్ మీదికి వెళ్లా. టక్ లేదు. కానీ రాళ్ల మీద దిగుతుంటే సన్నగా గలగల. గుండె జారింది. అయితే దిగుతూనే తేలిగ్గా పెడల్ తొక్కితే ఆ గలగల ఆగిపోతోంది, తొక్కడం ఆపితే మళ్లీ మొదలు. అది మోటార్ లోపలి క్లచ్. కొన్ని మిడ్-డ్రైవ్ మోటార్లలో పెడల్ మీద లోడ్ లేనప్పుడు లోపలి భాగాలు ఇలా కొట్టుకోవడం మామూలే, సస్పెన్షన్‌తో సంబంధం లేదు. వదిలేశా. పాత సౌండ్ కింద ఇది ఇన్నాళ్లూ దాక్కుంది, అంతే.

మన దగ్గర ఫుల్ సస్పెన్షన్ ఈ-బైక్‌లు ఇంకా తక్కువే గానీ, బైక్ వెనక స్వింగ్ ఆర్మ్ బుష్ అరిగినా ఇదే కథ, ఇదే వేలి టెస్ట్ కొంతవరకు పనికొస్తుంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఇవేవీ చెయ్యకండి. ఫ్రేమ్ తుడిచేటప్పుడు వెల్డింగ్ పక్కన గానీ, షాక్ మౌంట్ చుట్టూ గానీ పెయింట్ మీద వెంట్రుక లాంటి గీత కనిపించి, గుడ్డతో తుడిచినా పోకపోతే బైక్ ఎక్కొద్దు. నడిపించుకుంటూ షాప్‌కి తీసుకెళ్లండి.