మోకాలి బాధలన్నీ ఫ్లోరోసిస్ కావు: పిల్లలలో పుట్టుకతో వచ్చే మెనిస్కస్ లోపం

దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలలో కుంటుతూ నడిచే పిల్లవాడు కనబడితే ముందుగా తాగునీటినే అనుమానించడం పరిపాటి. అందుకు కారణం లేకపోలేదు. నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉనికి 1937లోనే వెల్లడైంది. ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాలలో మోకాళ్లు లోపలికి వంగే వైకల్యాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో వివరించారు. అయితే ఈ అనుమానం చాటున, చికిత్సకు లొంగే మరొక లోపం మరుగునపడే ప్రమాదం ఉంది. వైద్యులు దానిని డిస్కాయిడ్ మెనిస్కస్ అంటారు.

తొడ ఎముకకు, కాలి ఎముకకు నడుమ నెలవంక ఆకారంలో రెండు మృదులాస్థి పొరలు ఉండి శరీర బరువును పంచుతాయి. కొందరిలో బయటివైపు పొర పుట్టుకతోనే దళసరిగా, నిండు బిళ్ళలా ఉంటుంది. ఆసియా దేశాల ప్రజలలో ఇది అధికం. చాలామందికి ఏ బాధా కలగదు. అట్టివారికి చికిత్స అక్కరలేదు. పొర చిరిగినా, పట్టు తప్పినా చిక్కు మొదలవుతుంది. మోకాలు మడిచి చాచినప్పుడు 'టక్' మనే శబ్దం, బయటివైపు నొప్పి, వాపు, కాలు పూర్తిగా చాపలేకపోవడం దీని లక్షణాలు. మిరప తొడిమలు తీయడానికి గొంతుకు కూర్చున్నప్పుడు, ఆటలలో ఈ బాధ బయటపడవచ్చు. దెబ్బ తగిలిన జ్ఞాపకం ఉండకపోవచ్చు.

ఫ్లోరోసిస్‌లో సాధారణంగా రెండు కాళ్లూ వంగుతాయి, పళ్లపై గారమచ్చలు ఉంటాయి. ఈ లోపంలో కాలు వంకర పోదు; బాధ తరచు ఒక మోకాలికే పరిమితం. ఎక్స్‌రేలో ఏమీ తేలకపోవచ్చు. ఎం.ఆర్.ఐ. పరీక్షలో వరుసగా మూడు లేదా అంతకుమించిన చిత్రాలలో పొర తెగకుండా కనబడితే నిర్ధారణ అవుతుంది.

తైలమర్దనం, పసరు కట్టు పొర ఆకారాన్ని మార్చలేవు. బాధ తీవ్రమైనవారికి ఆర్థ్రోస్కోపీ ద్వారా చిన్న రంధ్రాల నుంచి మధ్యభాగాన్ని తొలగించి, 6 నుంచి 8 మిల్లీమీటర్ల అంచును నిలిపి, చిరుగు ఉంటే కుట్లు వేస్తారు. పూర్వం పొర మొత్తాన్ని తీసేవారు. అట్టి పిల్లలకు పెద్దయ్యాక కీళ్ల అరుగుదల త్వరగా వచ్చే అవకాశం ఎక్కువని తేలడంతో ఆ పద్ధతి తగ్గింది.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టుకతో వచ్చే తుంటి, పాదాల లోపాలు ఉన్నాయి గాని ఇది లేదు. కనుక పాఠశాలలకు వెళ్లే వైద్య బృందాలు ఒంటి మోకాలి ఫిర్యాదును విడిగా నమోదు చేసి, గుంటూరు లేదా ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రి ఎముకల విభాగానికి పంపడం అవసరం. పాత్రికేయ మిత్రులు సైతం కుంటే ప్రతి బిడ్డ ఛాయాచిత్రం కింద 'ఫ్లోరైడ్ బాధితుడు' అని రాయడానికి ముందు వైద్యుని నివేదిక చూడగోరుతున్నాము.