పాత కారు కొనుటకు ముందు

పెద్దలారా, సంగారెడ్డి, పటాన్‌చెరు కర్మాగారములలో పనిచేయు మన బిడ్డలు చౌకయైన పాత కార్లపై మనసు పడుచున్నారు. వేకువనే, ఇంజను చల్లగా నున్నపుడే పోయి చూడవలయును. ముందే వేడిచేసి యుంచినచో నాకు అనుమానమే. నీలిపొగ వచ్చెనా, నూనె కాలుచున్నది. దట్టపు తెల్లపొగ విడువక వచ్చెనా, ఇంజనులోనికి నీరు దిగుచున్నది. 2020 అక్టోబరు వరదలలో హైదరాబాదున కార్లెన్నో మునిగినవి. కావున కాళ్లక్రింది పఱపు నెత్తి బురదచారలను, సీటు బోల్టుల తుప్పును వెదకుడు. రంగు నిగనిగలు లెక్కకు రావు. ఆర్‌సిలో బ్యాంకు అప్పు కనబడినచో, అది కొట్టివేయించు వఱకు బయానా యీయరాదు. బాకీ బండిని పట్టుకొనిపోయిన పిదప మీ సొమ్మునకు దిక్కెవ్వరు? సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్లు. అవి నిండినచో, పరీక్షలో నెగ్గిన పిమ్మటనే మఱి 5 ఏండ్లకు పొడిగింతురు.