మబ్బుల చాటున వరద ఎలా కనిపిస్తుంది?

వరద రోజుల్లో ఆకాశం నిండా మబ్బులే! మామూలు కెమెరా ఉన్న ఉపగ్రహానికి కింద ఊళ్లు కనిపించవు. మరి ఏ ఊరు మునిగిందో ఎలా తెలుస్తుంది?

రాడార్ ఉపగ్రహంతో! 2022 ఫిబ్రవరి 14న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఈఓఎస్-04 అలాంటిదే. అది పంపే రేడియో తరంగాలు మబ్బుల్లోంచి దూసుకెళతాయి, రాత్రయినా పనిచేస్తాయి. గరుకు నేలను, చెట్లను తాకినవి కొన్ని వెనక్కి వస్తాయి. నున్నటి నీటిని తాకినవి మాత్రం, అద్దం మీద ఏటవాలుగా పడ్డ వెలుగులా, అవతలి పక్కకు వెళ్లిపోతాయి. వెనక్కి వచ్చిన తరంగాలతోనే ఉపగ్రహం చిత్రం తయారవుతుంది కాబట్టి, అందులో నీరు నల్లగా ఉంటుంది.

హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం నిపుణులు ఈ చిత్రాన్ని వరదకు ముందటి చిత్రంతో పోలుస్తారు. కొత్తగా నల్లబడిన చోట చాలావరకు వరదేనన్నమాట. దానిపై ఊళ్ల, రోడ్ల పటాలను కంప్యూటర్‌లో పొరలుగా పరిస్తే, సహాయక పడవ ముందు ఎటు వెళ్లాలో తెలిసిపోతుంది.